నేల అందని బండి

నేను పొట్టిదాన్ని. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, అదీ కొప్పు నడినెత్తిన పెట్టుకుని నిలబడితే. ఈ మాట నేనంటే సరే గాని, ఎవరైనా జాలిగా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అటక మీది డబ్బా తీసుకోడానికి పీట వేసుకుంటాను, అంతే కదా. పొడుగు వాళ్లు వంగి తీసుకునేవన్నీ నేను వంగకుండానే తీసుకుంటాను, ఆ లెక్క ఎవరూ చూడరు.

మా ఆయన ఆరడుగుల మనిషి. మా ఇద్దరివీ తగరపువలస పక్క ఊళ్లే. పెళ్లిలో నన్ను పీట మీద నిలబెట్టినా తలంబ్రాలు ఆయన నెత్తి మీద పడక చొక్కా జేబులో పడ్డాయి. ఓ షిప్పింగు ఏజెన్సీలో సరుకు లెక్క రాసే పని ఆయనది. ఓడ రేవులోకి వచ్చినప్పుడల్లా తాడు నిచ్చెనో ఇనప మెట్లో ఎక్కి పైకి పోవాలి. పెళ్లికి ముందే, డెబ్భైల్లో, తోటి పనివాడి దగ్గర ఓ నల్ల మోటారు సైకిలు కొనుక్కున్నాడు. పాతదే, కానీ దాన్ని తుడిచిన తుడుపు నన్నెప్పుడైనా తుడిచాడా అని నేను దెప్పేదాన్ని. మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక సందులో మా వాటా. వరండాలో సగం దానిదే, మిగతా సగంలో నేనూ, నా కుంపటీ.

ఎనభైల మొదట్లో ఓ వానాకాలం, గోదాము దగ్గర లారీ దిగుతూ జారి పడ్డాడు. ఎవరి తప్పూ కాదు, అరిగిన చెప్పులు మార్చుకోమని నేను పోరుతూనే ఉన్నాను. కుడి చీలమండ విరిగింది. మూడు నెలల పిండికట్టు. విప్పేసరికి పాదం చెక్క ముక్కలా బిగుసుకుపోయి ఉంది. డాక్టరు గారు మొహమాటం లేకుండా చెప్పేశారు. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వచ్చి కసరత్తు చేయించుకోవాలి, ఈ నాలుగు నెలల్లో కదిలితే కదిలినట్టు, లేకపోతే జన్మంతా ఇంతే. ఏజెన్సీ వాళ్లు మంచివాళ్లు. వేసవి దాకా ఆగుతామన్నారు. ఆ తర్వాత మాత్రం నిచ్చెన ఎక్కగలిగే మనిషి కావాలన్నారు. అందులో వాళ్లనేముంది?

ఆస్పత్రి ఊరికి ఆ చివర, సముద్రం వైపు. ఆటోలు అప్పట్లో మా సందుకి పిలిచినా వచ్చేవి కావు. కొన్నాళ్లు రిక్షా కట్టాం, ఆ ఖర్చు భరించలేక మానేశాం. బస్సులో పంపితే చంక కర్ర మెట్టుకి తగులుకుని బోర్లా పడ్డాడు. ఆ రోజు నుంచి మొదలైంది, "రేపెల్తాన్లే" అనడం. రేపు అంటే మర్నాడు, మర్నాడు అంటే వచ్చే వారం. నాకు ఒకటే భయం. ఈ మనిషి భయపడి ఇంట్లో కూర్చుంటే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది, ఓడలు వస్తాయి, పోతాయి, ఈయన వరండాలో కూర్చుని కాకుల్ని తోలుకుంటూ ఉంటాడు. భయమైతే నాకు కోపం వస్తుంది. ఆ నెలంతా ఇంట్లో గిన్నెలు గట్టిగానే చప్పుడు చేశాయి.

ఓ పొద్దున బండి మీద కప్పిన గోనె తీసి దుమ్ము దులుపుతూ, ఎందుకో చీర కుచ్చిళ్లు ఎగదోపి దాని మీద ఎక్కి కూర్చున్నాను. స్టాండు మీదే ఉంది కాబట్టి పడలేదు. కాళ్లు రెండూ గాల్లో ఊగుతున్నాయి. నేలకి ఇంకా జానెడు దూరం. అయినా చేతులు హాండిలు మీద పడగానే ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు మా నాన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తగరపువలస సంత దాకా తొక్కినదాన్ని నేను. ఇదీ రెండు చక్రాలేగా.

లోపలికి వెళ్లి, ఆస్పత్రికి నేనే బండి మీద తీసుకెళ్తానని చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు.

"నీ ఎనకాల నాను కూకుంటానేటి? రోడ్డు మీద నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

"నా వీపెనకాల ఎట్టుకోండి, ఎవరికీ అగుపడదు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను బండి తోసుకుంటూ బయల్దేరాను.

డిపో దగ్గరే మెకానిక్కు షెడ్డు. అతనూ మా ఆయనా ఒకరినొకరు "బావా" అనుకునేవాళ్లు, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఆ వరసన నేనతనికి చెల్లెల్ని. విషయం చెప్తే ముందు నవ్వాడు, నా మొహం చూసి ఆపేశాడు. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న షాకబ్జర్లు చూపించాడు. స్ప్రింగు కింద ఓ ఇనప కట్టు ఉంటుంది, దానికి మెట్లు. కట్టు పై మెట్టు మీద ఉంటే స్ప్రింగు బిగిసి బండి ఎత్తుగా ఉంటుంది, కింది మెట్టుకి తిప్పితే మెత్తబడి కుంగుతుంది. మా ఆయన బరువుకని పైన బిగించి ఉంది. కొక్కెం పానా పెట్టి రెండువైపులా కింది మెట్టుకి తిప్పేశాడు.

"ఎక్కి సూడు సెల్లెమ్మా," అని చటుక్కున గోడ వైపు తిరిగిపోయాడు.

ఇక్కడే ఉంది అసలు తప్పు. నేను నాట్లకి దిగినప్పుడు మా ఊళ్లో కట్టినట్టు గోచీ పోసి చీర కట్టుకుని వెళ్లాను. చెల్లెమ్మ కాళ్ల వైపు చూడకూడదని అతని మర్యాద. గోడ మీది పాత క్యాలెండరు చూస్తూ అడిగాడు, "అందిందా?"

నాకు ఒక కాలి బొటనవేలి కొస మాత్రం తగులుతోంది. షెడ్డులో ఇంకో నలుగురు మగవాళ్లున్నారు. అందలేదని పొట్టిదాన్నని నా నోటితో నేనే చెప్పుకోవాలా?

"అందింది," అన్నాను.

ఓ వారం తర్వాత మళ్లీ వెళ్లి, ఇంకాస్త దించమన్నాను. అతను ఏదో చిన్న బండివి పొట్టి షాకబ్జర్లు వెతికి తెచ్చి బిగించాడు. మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఈసారి రెండు కాళ్ల ముందు భాగాలూ ఆనాయి. నిజంగానే "అందింది" అని పెద్దగా అరిచాను. ఇంటికి తోసుకొచ్చి, వరండా ముందు పక్క స్టాండు వేసి గర్వంగా వెనక్కి తిరిగానో లేదో, ధడేలుమని చప్పుడు. బండి కుంగింది గాని పక్క స్టాండు కుంగలేదు కదా. ఎడమవైపు వాలి నిలబడాల్సిన బండి నిటారుగా నిలబడి, గాలికి కుడివైపు పడిపోయింది. అద్దం పగిలింది, బ్రేకు కడ్డీ వంగింది.

లోపల్నుంచి ఆయన, "ఏటి పడిపోనాది?"

"ఏటీ లేదు. పిల్లి."

"అంత బరువు పిల్లా?"

నేను బండి లేపి మళ్లీ షెడ్డుకి తోసుకెళ్లాను. మెకానిక్కు స్టాండు కోసి అతికించాడు.

నేర్చుకోవడం జాలరిపేట పక్కన, సముద్రం ఒడ్డు రోడ్డు మీద. తెల్లారాక, పడవలు ఒడ్డుకి వచ్చే వేళ. అతను సైకిలు మీద ముందు పోతూ "గేరు, సెల్లెమ్మా, గేరు!" అని అరవడం, నేను వెనక గుడగుడమంటూ పోవడం. చేపల గంపలతో కూర్చున్న ఆడవాళ్లకి పొద్దున్నే వినోదం దొరికింది.

"ఓలమ్మా! సూడండే, సీరకట్టి బండెక్కినాదే!"

"పడితే నా సేపల మీద పడకమ్మా, ఇయ్యాల మంచి బేరమున్నాది!"

వాళ్లదీ గోచీ కట్టే కాబట్టి నా కట్టు చూసి ఎవరూ నవ్వలేదు, నా తిప్పలు చూసి నవ్వారు. రెండుసార్లు ఇసుకలో పడితే వాళ్లే వచ్చి లేపారు. చేతుల నిండా పొలుసు, అయినా ఆ చేతులే నా చీర దులిపాయి. మూడు వారాల్లో వచ్చేసింది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పి చూపిస్తే అక్కడి ఆఫీసరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ తిప్పమన్నారు. తిప్పాను.

ఇక మా ఆయన్ని ఎక్కించడం. ఏడవనా, తిట్టనా అని ఆలోచించి రెండూ చేశాను. చివరికి ఒప్పుకున్నాడు, జనం లేవకముందే పోదామనే షరతు మీద. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని నా భుజం పట్టుకుని ఎక్కాడు. సందు చివరిదాకా వెళ్లామో లేదో వెనక నుంచి రబ్బరు కాలిన కంపు. చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటోంది. ఆయన బరువుకి ఆ పొట్టి షాకబ్జర్లు పూర్తిగా కుంగిపోయాయి. దిగమన్నాను. ఆయన దిగి, అరుగు మీద కూర్చుని, నా వంక చూడకుండా అన్నాడు.

"సాలు. ఒగ్గేయ్. ఈ కాలికి ఇంతే రాసుంది."

ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు. అదే భయం వేసింది.

షెడ్డుకి వెళ్లి చెప్తే మెకానిక్కు చేతిలో పానా కింద పెట్టేశాడు. "నాదే తప్పు సెల్లెమ్మా. బావ బరువు లెక్కెయ్యనేదు. అసలు నీ కాళ్లే సూడనేదు. ఎలాగ సూత్తాను?"

"నేను కూడా అబద్ధం చెప్పాను. మొదటిసారి అందలేదు," అన్నాను.

అప్పుడు చెప్పాడు, పాతనగరంలో ఓ సాయిబు గారున్నారని, సీట్లు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని.

సాయిబు గారి కొట్టు ఓ ఇరుకు సందులో, ఇంటి ముందు గదే కొట్టు. వాళ్ల నాన్న జట్కా గుర్రాలకి జీనులు కుట్టేవాడట. జట్కాలు తగ్గాక ఈయన సైకిలు సీట్లకీ, తర్వాత స్కూటరు సీట్లకీ వచ్చాడు. గోడకి ఇంకా ఓ పాత జీను వేలాడుతోంది. ఆయన బండిని ఆ గదిలోకి తోయించి, చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, లోపలికి కేకేశాడు. ఆయన భార్య వచ్చింది. తెల్లజుట్టు ముసలావిడ, నాకంటే ఓ అంగుళం పొట్టి. ఆవిణ్ణి చూడగానే నాకు సగం బలం వచ్చింది.

ఆడవాళ్లకి కొలత ఆవిడే తీస్తుందట, ఆ ఇంటి పద్ధతి అది. సాయిబు గారు గుమ్మం బయట వీధి వైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ టైలరు సుద్ద పొడి తెచ్చి సీటు ముందు భాగమంతా చల్లింది. నన్ను ఎక్కి కాళ్లు కిందికి చాపమంది. కిందికి వంగి, అరిపాదం కింద తన వేళ్లు దూర్చి చూసింది. "అందతందా?" అని నన్ను అడగలేదు. అడిగి ఉంటే మళ్లీ అబద్ధం చెప్పేదాన్నేమో. దిగాక నా తొడల దగ్గర చీర మీద సుద్ద ఎక్కడెక్కడ అంటిందో చూసి, ఆయనకి కేకేసి చెప్పింది.

ఆయన అక్కడి నుంచే అన్నాడు. "ఎత్తు కాదు తల్లీ నిన్ను ఆపింది. ముందర ఈ సీటు భుజాలు ఎంత వెడల్పో చూడు. కాళ్లు రెండూ పక్కలకి పోతున్నాయి, కిందికి రాకుండా. ఇవి చెక్కేస్తే కాళ్లు తిన్నగా దిగుతాయి. లోపల కూరిన పీచు కూడా పైన ఒక వరస తీస్తాను. ఆ పొట్టి షాకబ్జర్లు తీసి పారెయ్యి, పాతవే పెట్టించు."

"పాతవి పెడితే మళ్లీ ఎత్తైపోదా?"

"చక్రం రాసుకున్న గుర్తు కనిపిస్తోంది. వెనక కూర్చునే మనిషేడి?"

"ఇంట్లో ఉన్నారు. రారు."

"మా నాయన జట్కా ఖాళీగా ఉండగా ఎప్పుడూ కొలత తియ్యలేదమ్మా. మనుషుల్ని ఎక్కించి అప్పుడు తీసేవాడు. ఆయన ఎక్కకుండా ఈ కొలత అవదు."

రారని మళ్లీ చెప్పాను. ఎందుకు రారో కూడా చెప్పాను. ఎందుకో ఆ గుమ్మంలో నిలబడి పిండికట్టు దగ్గర నుంచి అరుగు మీద అన్న మాట దాకా అన్నీ చెప్పేశాను. ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. సాయిబు గారు, "అయితే మేమే వస్తాం," అన్నాడు.

అన్నట్టే శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరూ రిక్షాలో మద్దిలపాలెం వచ్చారు, కొత్తగా కుట్టిన సీటు ఒళ్లో పెట్టుకుని. మెకానిక్కు ముందే పాత షాకబ్జర్లు బిగించి, స్టాండు కూడా పాత పొడుగుకే మార్చి ఉంచాడు. అంత వయసు మనుషులు ఇంటికొస్తే మా ఆయన పడుకుని ఉండగలడా? కర్ర పట్టుకుని లేచి వచ్చాడు, టీ పెట్టమని నాకు చెప్పాడు కూడా.

సాయిబు గారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మామూలుగా అన్నాడు. "బాబూ, ఓసారి నీ బరువు కావాలి నాకు."

మా ఆయన నా వంక చూశాడు. నేను కుంపటి వంక చూశాను. ఓ నిమిషం తర్వాత కర్ర గోడకి ఆన్చిన చప్పుడు వినిపించింది.

మెకానిక్కు బండి పట్టుకుంటే నేనెక్కాను. సీటు ముక్కు సన్నగా, నా కాళ్లకి అడ్డం లేకుండా ఉంది. రెండు పాదాల ముందు భాగాలూ నేలకి ఆనాయి, మడమలు గాల్లోనే. తర్వాత ఆయన నా భుజం పట్టుకుని వెనక ఎక్కాడు. ఎక్కగానే బండి నిట్టూర్చినట్టు కిందికి దిగింది. నా మడమలు నేల మీద పడ్డాయి. రెండూ! అరిపాదాల కింద వరండా ముందరి గచ్చు చల్లగా తగిలింది. ముసలావిడ వంగి నా మడమ కింద వేళ్లు దూర్చబోయింది, దూరలేదు. పైకి చూసి నవ్వింది, ఆ నోట్లో నాలుగు పళ్లున్నాయేమో. మెకానిక్కు ఈసారి గోడ వైపు తిరగలేదు. వెల్లకిలా పడుకుని చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టి, "నాలుగు వేళ్లు దూరతన్నాయి బావా, రాయదు!" అని అరిచాడు. స్ప్రింగు కట్టు రెండో మెట్టు మీద పెట్టి అక్కడితో సరే అనిపించాడు.

సాయిబు గారు నాకు చెప్పాడు. "ఒక్కదానివి పోతే ముని కాళ్లే ఆనుతాయి, జాగ్రత్తగా ఆపుకో. ఆయన ఉంటే మడమ ఆనుతుంది. నీ ఒక్కదానికే దించితే ఆయనకి పనికిరాదు." మా ఆయన వెనక నుంచి ఆ మాట విన్నాడు. దిగమంటే మాత్రం వెంటనే దిగలేదు.

సోమ, బుధ, శుక్రవారాలు. మొదట్లో ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కునేవాడు. జాలరిపేట ఆడవాళ్లు ఓ రోజు బేరం ఆపి మరీ చూశారు. "ఓలమ్మా, ఎనకాల పెళ్లికూతురెవరే ముసుగేసుకున్నాది?" నా వీపు వెనక ఆయన కడుపు కదలడం తెలిసింది. నవ్వుతున్నాడు. కాలు విరిగాక మొదటిసారి. ఆ రోజు నుంచి తువ్వాలు భుజం మీదే ఉండేది. కసరత్తు నుంచి వచ్చేటప్పుడు కాలి పీట మీద ఆ కుడి పాదంతో నొక్కుతూ ఉండేవాడు. ఆ నొక్కుడు బండిలోంచి నాకు తెలిసేది. మొదట్లో ఏమీ లేదు. తర్వాత వేళ్లు. మామిడికాయల కాలం వచ్చేసరికి మడమ.

వేసవిలో ఏజెన్సీ వాళ్లు కబురు పెట్టారు, వచ్చి నిచ్చెన ఎక్కి చూపించమని. ఆ పొద్దున రేవు గేటు దాకా నేనే తీసుకెళ్లాను. లారీలు, హమాలీలు, ఆయన్ని ఎరిగిన మనుషులు చుట్టూ. వాళ్లందరి ముందే నా భుజం పట్టుకుని దిగాడు. కర్ర తేలేదు. తేవద్దని నేననలేదు, ఆయనే వద్దన్నాడు.

ఆయన దిగగానే బండి లేచింది. నా మడమలు నేల విడిచాయి. అన్నాళ్లూ నన్ను నేలకి ఆన్చింది సాయిబు గారి సీటు ఒక్కటే కాదు, ఈ మనిషి బరువు కూడానని అప్పుడు బాగా తెలిసొచ్చింది. గేటు దగ్గర రోడ్డు పల్లం. ముని వేళ్ల మీద వేలాడుతున్నాను, బండి ఓ పక్కకి వాలుతోంది. ఆయన నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అందతందా?"

"అందింది, మీరెల్లండి," అన్నాను.

ఆయనకి నా సంగతి తెలీదా? వెనక్కి వచ్చాడు. లారీ లోంచి పడిన చెక్క ముక్క ఒకటి రోడ్డు పక్కన ఉంది. వంగలేదు, చేత్తో తియ్యలేదు. ఆ కుడి పాదంతోనే, ఆ బిగుసుకుపోయిన పాదంతోనే, దాన్ని తోసుకుంటూ తోసుకుంటూ తెచ్చి నా ఎడమ కాలి కింద పెట్టాడు. మడమ చెక్క మీద ఆనింది.

ఆయన నిచ్చెన ఎక్కాడు, ఉద్యోగం నిలబడింది. సాయిబు గారికి, ఆవిడకి ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాం, ఇద్దరం, ఆ బండి మీదే. వాళ్లకి నా దండం, గోడ వైపు తిరిగిన ఆ అన్నకి నా దండం, ఇసుకలోంచి నన్ను లేపిన ఆ తల్లులకి కూడా. కానీ ఇప్పటికీ తలుచుకుంటే కళ్లు తడిసేది గేటు దగ్గర ఆ క్షణానికే. చెక్క సరిగ్గా పెట్టి, పాదంతో ఓసారి తట్టి చూసి, తలెత్తి అన్నాడు.

"ఇప్పుడు సెప్పు, అందిందా?"

"అందింది," అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.